యానాం దూరమా, హిందూపురం దూరమా: పరాయి ఊరి నుంచి సెకండ్ హ్యాండ్ బండి కొనే ముందు

మాది ముమ్మిడివరం పక్కన. యానాం వెళ్లాలంటే ఎదుర్లంక దాకా పోయి, గౌతమి మీద బాలయోగి వారధి దాటితే చాలు. అరగంట పని. హిందూపురం వెళ్లాలంటే రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకి పోవాలి, ఒక రాత్రి పైనే ప్రయాణం. ఈ రెండు ఊళ్లలోనూ ఒకేలాంటి మోటార్ సైకిల్ ఒకే ధరకి అమ్మకానికి ఉందనుకోండి. మాకు ఏది దగ్గర?

రవాణా శాఖ లెక్కలో హిందూపురం బండే దగ్గర. యానాం పుదుచ్చేరిలో భాగం. అక్కడి బండి నంబరు పీవై 04తో మొదలవుతుంది. అది వంతెన దాటి మన గుమ్మంలోకి వస్తే చట్టం దృష్టిలో పరాయి రాష్ట్రపు బండే. దానికి ఎన్‌ఓసీ (అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం) కావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ (బండికి ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. హిందూపురం బండికి ఇవేవీ అక్కర్లేదు. పేరు మారితే చాలు, నంబరు కూడా అదే ఉంటుంది.

ఫోన్లో ఫొటోలు చూసి పరాయి ఊరి బండి కొనేవాళ్లు ఇప్పుడు మా కోనసీమలో చాలామందే ఉన్నారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే పిల్లలు అక్కడ చౌకగా దొరికిందని కొని ఇంటికి పంపిస్తారు. వాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఎప్పుడూ బండి కండిషన్ గురించే. అది అడగాల్సిందే. కానీ నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ ఇంజిన్ దగ్గర రాలేదు, సి బుక్కు (రిజిస్ట్రేషన్ పత్రం) దగ్గర వచ్చాయి. ఇంజిన్ పాడైతే మన ఊరి షెడ్డులో మేస్త్రి బాగుచేస్తాడు. సి బుక్కులో పేరున్న మనిషి దొరక్కపోతే ఏ మేస్త్రీ ఏమీ చేయలేడు.

మా బావ సంగతి చెప్తాను. బెంగళూరులో ఒకాయన దగ్గర బండి కొన్నాడు. ధర బాగుంది, బండి నిజంగానే బాగుంది. డబ్బు మొత్తం పంపేశాడు. ఆయన ఫారాల మీద సంతకాలు పెట్టి, జిరాక్సులు జత చేసి, బండితో పాటు పంపించాడు. ఎన్‌ఓసీ వారంలో వస్తుందన్నాడు. తరవాత తెలిసింది, ఆ బండి మీద ఫైనాన్స్ ఎప్పుడో తీరిపోయినా, రికార్డులో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉండిపోయిందని. అది తీసేయకుండా ఎన్‌ఓసీ రాదు. తీయించాల్సింది ఆయనే. ఆయనకి డబ్బు అందింది, బండి కళ్ల ముందు లేదు, ఇంక ఆఫీసుల చుట్టూ తిరిగే అవసరం ఆయనకేముంది? మొదట్లో ఫోన్ ఎత్తేవాడు, తరవాత మానేశాడు. బావ రెండుసార్లు బెంగళూరు వెళ్లొచ్చాడు. ఏడాది పైగా ఆ బండి కొబ్బరాకుల పాకలో గోనెపట్టా కింద ఉంది. ఆయన మోసగాడేమీ కాదు. డబ్బు ముందే ఇచ్చేయడం వల్ల ఆయనకి తొందర పోయింది, అంతే.

ముప్పై రోజులా, పన్నెండు నెలలా

అందరూ తికమకపడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. మోటారు వాహనాల చట్టం 1988లో రెండు వేరువేరు గడువులు ఉన్నాయి. 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టర్ అయిన బండిని ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకి మించి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాలి. దీన్ని పట్టుకుని, "ఏడాది దాకా కేఏ (కర్ణాటక) నంబరు మీద తిరగొచ్చు, ఏం కాదు" అని చెప్పేవాళ్లు ప్రతి టీ కొట్టు దగ్గరా ఉంటారు. ఆ మాట సొంత బండితో ఊరు మారిన యజమానికి వర్తిస్తుంది. బండి కొన్నవాడికి వర్తించేది 50వ సెక్షన్. కొన్న ముప్పై రోజుల్లోపు, తాను నివాసం ఉండే చోటి రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి పేరు మార్పుకి దరఖాస్తు పెట్టాలి. అమ్మినవాడికీ గడువుంది. అదే రాష్ట్రంలో అమ్మితే పద్నాలుగు రోజులు. వేరే రాష్ట్రానికి అమ్మితే నలభై అయిదు రోజుల్లో ఎన్‌ఓసీ సంగతి తేల్చాలి.

ఫారాలు కూడా గుర్తుపెట్టుకోలేనన్ని లేవు. అమ్మేవాడు ఇచ్చేది ఫారం 29, కొనేవాడు పెట్టేది ఫారం 30. బండి మీద ఫైనాన్స్ ఉండి తీరిపోతే ఫారం 35, దాంతోపాటు బ్యాంకు ఇచ్చే లెటరు. వేరే రాష్ట్రమైతే ఫారం 28, అదే ఎన్‌ఓసీ దరఖాస్తు. యజమాని చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదకి ఫారం 31తో మార్చాలి, ఆ తరవాతే మీకు అమ్మాలి. "నాన్నగారి బండండి, ఆయన పోయారు, నేనే సంతకం పెట్టిస్తాను" అని ఎవరైనా అంటే, పాపం వాళ్లు మంచివాళ్లే అయినా, ఆ మెట్టు ఎక్కకుండా ముందుకి వెళ్లకండి. తోబుట్టువులు ఎంతమంది ఉన్నారో, వాళ్ల సమ్మతి ఉందో లేదో మనకి తెలియదు కదా.

వేరే రాష్ట్రపు బండికి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ బండి వయసును బట్టి, అది కొత్తగా ఉన్నప్పటి ధరను బట్టి లెక్కకడతారు. అందుకని మొదటి యజమాని షోరూంలో తీసుకున్న ఇన్వాయిస్ కాపీ అడిగి ఉంచుకోవాలి. చాలామంది దీన్ని అసలు అడగరు. చౌకగా వచ్చిందని మురిసిపోయే ముందు ఈ ట్యాక్స్ ఎంత పడుతుందో మన రవాణా శాఖ (ఆర్టీఏ) ఆఫీసులో కనుక్కుని ధరకి కలిపి చూడండి. కొత్తగా ఉన్న ఖరీదైన బండికి ట్యాక్స్ కలిపాక, మన కాకినాడలోనో భీమవరంలోనో అదే మోడల్ దొరికే ధరే తేలవచ్చు. పాత బండికి ఈ భారం తగ్గుతుంది.

నంబరు చూసి ఊరు చెప్పే రోజులు పోయాయి, అది ఇంకో చిక్కు. ఒకప్పుడు ఏపీ 05 అంటే తూర్పుగోదావరి, ఏపీ 37 అంటే పశ్చిమగోదావరి అని చిన్నపిల్లలు కూడా చెప్పేవారు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే కోడ్ వచ్చాక, ఆ బండి అమలాపురంలో తిరిగిందో అనంతపురంలో తిరిగిందో నంబరుని బట్టి తెలియదు. దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది. ఏపీ 09 అని ఉన్న పాత హైదరాబాద్ బండి మొదట్లో ఏపీ అని ఉన్నా, 2014 జూన్ 2 తరవాత అది తెలంగాణ బండి. ఆ రెండక్షరాలు చూసి మన రాష్ట్రమే అనుకుంటే తప్పులో కాలేసినట్టే.

సి బుక్కులో ఎవరి పేరు

అమ్మేవాడికి మొదటి ఫోన్ చేసినప్పుడు ధర గురించి మాట్లాడకముందే నేను అడిగే మాట ఒకటుంది.

"ఏవండీ, సి బుక్కు మీ పేరు మీదే ఉందాండీ?"

"లేదండి, నాకు అమ్మినాయన పేరు మీద ఉంది. ఆయన సంతకాలు పెట్టి ఇచ్చేశాడు. మీకేం టెన్షన్ అక్కర్లేదు."

ఈ జవాబు వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఖాళీ ఫారాల మీద ఎప్పుడో పెట్టిన సంతకం, ఎవరిదో ఆధార్ జిరాక్సు, ఇవి చేతులు మారుతూ మారుతూ మీ దాకా వస్తాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు ఓటీపీ రికార్డులో ఉన్న యజమాని ఫోన్‌కి వెళ్తుంది. ఆయన ఎక్కడున్నాడో, ఆ నంబరు ఇంకా వాడుతున్నాడో లేదో ఎవరికి తెలుసు? పక్క ఊరివాడైతే ఆదివారం పూట వెళ్లి, కాఫీ తాగుతూ ఓటీపీ చెప్పించుకోవచ్చు. పరాయి ఊళ్లో ఆ ముఖం కూడా ఎరగని మనిషిని ఎలా పట్టుకుంటాం?

దూరపు బండి విషయంలో నేను పెట్టుకున్న నియమం ఇదే: సి బుక్కులో పేరున్న మనిషితోనే బేరం. మధ్యలో ఇంకెవరైనా ఉంటే, వాళ్లు ముందు తమ పేరు మీదకి మార్చుకుని రావాలి. దీనివల్ల నేను మంచి బండ్లు కొన్ని వదులుకున్నాను. అందుకు బాధ లేదు.

రికార్డు చూడటం ఇప్పుడు తేలికే. పరివాహన్ వెబ్‌సైట్‌లోగానీ ఎంపరివాహన్ యాప్‌లోగానీ నంబరు కొడితే బండి మోడల్, రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి కనిపిస్తాయి. యజమాని పేరు పూర్తిగా చూపించదు, కొన్ని అక్షరాలు దాస్తుంది. అమ్మేవాడు పంపిన సి బుక్కు ఫొటోతో ఆ కనిపించే అక్షరాలు సరిచూసుకోవచ్చు. పెండింగ్ చలానాలు ఈ-చలాన్ సైట్‌లో విడిగా చూడాలి. దొంగబండి అనుమానం ఉంటే నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో వారి వాహన్ సమన్వయ్ సేవ ఉంది. ఇంజిన్, ఛాసిస్ నంబర్లతో చోరీ కేసు రికార్డుందేమో అందులో వెతకవచ్చు. ఇదంతా కలిపి పావుగంట పని.

బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకి ముగుస్తుంది. ఆపైన తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. పాతకాలం బండ్ల మీద మోజున్నవాళ్లు ఈ తేదీ ముందు చూడండి. గడువు దాటిన బండిని దూరం నుంచి తెచ్చి, తరవాత రెన్యువల్ చేయించుకుందాం అనుకోవద్దు. ఆ పని అక్కడే, అమ్మేవాడి పేరు మీదే అయ్యాక కొనండి.

పేరు మారకపోతే ఏమవుతుంది అని చాలామంది తేలిగ్గా అడుగుతారు. జరిమానా సంగతి వదిలేయండి, అసలు భయం వేరే ఉంది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసు తేల్చింది. ఒక కారు 2007లో అమ్ముడుపోయి, ఒకరి తరవాత ఒకరికి చేతులు మారింది. 2009లో ప్రమాదం జరిగింది. అప్పటికీ రిజిస్ట్రేషన్ మొదటాయన పేరు మీదే ఉంది. నష్టపరిహారం బాధ్యత రికార్డులో యజమానిగా ఉన్న ఆ మొదటాయనదే అని కోర్టు చెప్పింది. రెండేళ్ల కిందట అమ్మేసిన కారుకి ఆయన జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. కాబట్టి పేరు మార్పు కోసం తొందరపడాల్సింది కొనేవాడొక్కడే కాదు. ఈ తీర్పు సంగతి అమ్మేవాడికి నెమ్మదిగా చెప్పి చూడండి, ఎన్‌ఓసీ కోసం ఆయనే పరుగెడతాడు.

కొన్నవాడికి తగిలే దెబ్బ ఇన్సూరెన్స్ దగ్గర ఉంది. చట్టంలో 157వ సెక్షన్ ప్రకారం బండి అమ్మినప్పుడు దాని థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ దానంతటదే కొత్త యజమానికి మారినట్టు లెక్క. కొన్నవాడు పద్నాలుగు రోజుల్లోపు కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీలో పేరు మార్పించుకోవాలి. అంటే మన బండి ఎవరినైనా గుద్దితే అవతలివాళ్లకి రక్షణ ఉంటుంది. కానీ మన బండికి జరిగిన నష్టం, చోరీ, వీటికి ఆ వెసులుబాటు లేదు. పాలసీ మన పేరు మీదకి మారేదాకా అవి మనకి రావు. ఇంకొకటి, ఎవరూ చెప్పనిది: పాలసీలో ఉండే పదిహేను లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ యజమాని తానే నడుపుతున్నప్పుడు వర్తించేది. రికార్డులో మీరు యజమాని కాకపోతే ఆ బండి మీద మీకేదైనా అయినా మీ ఇంట్లోవాళ్లకి ఆ డబ్బు రాదు. మా బావ ఆ ఏడాదిలో అప్పుడప్పుడూ గోనెపట్టా తీసి, రావులపాలెం దాకా ఆ బండి మీదే వెళ్లొచ్చేవాడు. ఈ సంగతి తెలిశాక మా అక్క తాళంచెవి తీసి బీరువాలో పెట్టింది.

"ఇన్సూరెన్స్ ఉందండి" అన్న మాటని కూడా విప్పి చూడాలి. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త టూవీలర్‌కి అయిదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. సొంత నష్టానికి కట్టేది చాలావరకు మొదటి ఏడాదితో ముగుస్తుంది. మూడేళ్ల బండికి ఇన్సూరెన్స్ ఉందంటే ఎక్కువసార్లు థర్డ్ పార్టీ ఒక్కటే ఉందని అర్థం. అమ్మినాయన సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఆయనదే, బండితో మనకి రాదు.

నీళ్లు తాగిన బండి

ఇప్పుడు బండి దగ్గరికొద్దాం. దూరంగా ఉన్నప్పుడు చూడగలిగేవి తక్కువే కానీ, మన డెల్టావాళ్లకి ఒక విషయంలో అనుభవం ఎక్కువ. నీళ్లు చేసే పని మనకి తెలుసు. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, 2022 జూలైలో లంక ఊళ్లలో మెరక మీదకి బండ్లు తోసుకెళ్లింది మొన్నటి సంగతే. మునిగిన బండి ఆరాక, కడిగి పాలిష్ పెడితే ఫొటోలో కొత్త పెళ్లికొడుకులా ఉంటుంది. లోపల మాత్రం అది మునిగిందే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడ ఎన్ని బండ్లు మునిగాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అందులో తప్పు ఎవరిదీ కాదు, బాగుచేయించుకుని అమ్ముకోవడమూ తప్పు కాదు. చెప్పి అమ్మితే సరి. చెప్పకపోతే మనమే కనిపెట్టాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2015 డిసెంబరులో చెన్నై కూడా అలాగే మునిగాయి. బండి ఆ సమయంలో ఆ ఊళ్లో ఉందా అని నేరుగా అడగండి.

వీడియో కాల్‌లో ఏం చూపించమనాలంటే, ముందుగా హెడ్‌లైట్ అద్దం లోపలివైపు. అక్కడ బురద గీత ఉండిపోతుంది, బయటి నుంచి తుడిస్తే పోదు. మీటరు అద్దం లోపల పొద్దున్నపూట ఆవిరి పడుతోందేమో చూడాలి. సీటు తీయించి వైర్లు కలిసే చోట పచ్చగా చిలుము పట్టిందేమో, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూలల్లో ఒండ్రు ఉందేమో చూడాలి. ఇంజిన్ ఆయిల్ పుల్ల తీసి చూపిస్తే, అది పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లినట్టే. కొన్ని బండ్లకి పుల్ల బదులు పక్కన చిన్న గాజు కిటికీ ఉంటుంది, అందులోనూ తెలుస్తుంది. సీటు స్పాంజి వాసన మాత్రం ఫోన్లో రాదు. అందుకే అక్కడ మనవాళ్లెవరో ఒకరు ఉండాలి.

వరద నీరు ఒక్కసారి వచ్చి పోతుంది. ఉప్పు గాలి రోజూ ఉంటుంది. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు తిరిగిన బండికి సైలెన్సర్ అడుగు, సెంటర్ స్టాండ్ స్ప్రింగు, ఫుట్‌రెస్ట్ బోల్టులు, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ కింది భాగం ముందుగా తుప్పు పడతాయి. చెరువుల మీద తిరిగిన బండి ఇంకో రకం. భీమవరం వైపు రొయ్యల మేత బస్తాలు వెనక వేసి గట్ల మీద తోలిన బండికి వెనక షాకులు కూర్చుని ఉంటాయి, క్యారియర్ బిగించిన చోట ఫ్రేమ్ వంగో, వెల్డింగ్ చేసో ఉంటుంది. దూరం నుంచి మన డెల్టా బండి కొనేవాళ్లు ఇవి చూసుకోవాలి. అమ్మేది మనమైతే ముందే చెప్పాలి.

ఎండ ప్రాంతపు బండికి తుప్పు తక్కువ. కానీ రబ్బరు భాగాలు ఎండి బీటలిస్తాయి. ముందు ఫోర్కుల దగ్గర ఆయిల్ కారిన జాడ, టైర్ల పక్కన పగుళ్లు చూడాలి. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. తక్కువ తిరిగిందని చెప్పిన బండికి టైర్లు మార్చి ఉంటే ఎందుకు మార్చారో అడగాలి. మహానగరపు ట్రాఫిక్‌లో తిరిగిన బండికి కిలోమీటర్లు తక్కువ చూపించినా క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఉండొచ్చు. మీటరు అంకెని నమ్మేకన్నా గేరు రాడ్ రబ్బరు, ఫుట్‌రెస్ట్ రబ్బరు, బ్రేక్ పెడల్ అరుగుదల చూస్తే నిజం తెలుస్తుంది.

స్టార్టింగ్ వీడియో అందరూ పంపిస్తారు, అన్నీ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటాయి. అది పది నిమిషాలు వేడి చేశాక తీసిన వీడియో కావొచ్చు. పొద్దున్నే ఆరింటికి కాల్ చేసి, ఇంజిన్ మీద చెయ్యి వేసి చూపించి, అప్పుడు స్టార్ట్ చేయమనండి. సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని. చల్లటి పొద్దున్న కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే, దానికి భయపడొద్దు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి తాళం తిప్పగానే ఏబీఎస్ దీపం వెలగాలి, బండి కాస్త కదిలాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే అనుమానించాలి. లోపం కనిపించకుండా ఎవరో ఆ దీపాన్నే పీకేసి ఉండొచ్చు.

అదే కాల్‌లో, మధ్యలో ఆపకుండా, నంబరు ప్లేటు నుంచి హ్యాండిల్ మెడ దగ్గరున్న ఛాసిస్ నంబరు దాకా, అక్కడి నుంచి ఇంజిన్ నంబరు దాకా ఫోన్ తిప్పమనండి. సి బుక్కుతో ఒక్కో అక్షరం పోల్చి చూసుకోండి. ఛాసిస్ నంబరు చుట్టూ గీరినట్టో, కొత్త రంగు పూసినట్టో ఉంటే అక్కడితో ఆపేయండి.

డబ్బు ఎప్పుడు కదలాలి

ఆర్మీలో పనిచేస్తున్నానని, బదిలీ మీద వెళ్లిపోతున్నానని, బండి మిలిటరీ పార్సిల్‌లో పంపిస్తానని చెప్పి అడ్వాన్సు లాగే మోసం చాలా ఏళ్లుగా నడుస్తోంది. యూనిఫాం ఫొటో పంపుతారు, క్యాంటీన్ కార్డు పంపుతారు. బండి రాదు. ఇంకా డబ్బు కట్టమని రకరకాల ఫీజులు మాత్రం వస్తూనే ఉంటాయి. ఇంకోరకం, మనమే అమ్ముతున్నప్పుడు, డబ్బు పంపిస్తానని క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటారు. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చెప్పి ఉంచండి. పోయాక తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఉంటుంది.

నిజమైన అమ్మకందారుతో కూడా డబ్బుని మెట్లు మెట్లుగానే ఇవ్వాలి. బండి మనకోసం ఉంచడానికి టోకెన్, అది పోయినా ఏడవనంత. ఎన్‌ఓసీ గానీ ఫైనాన్స్ తొలగింపు గానీ కావాల్సి ఉంటే అవి ఆయన చేయించేదాకా ఆగాలి. "డబ్బిస్తేనే చేయిస్తా" అంటే, ఆ పనికయ్యే ఖర్చు మేరకు ఇవ్వడం న్యాయం. బండి చేతికొచ్చే రోజు పెద్ద మొత్తం బ్యాంకు ద్వారా, సి బుక్కులో పేరున్న ఖాతాకే పంపాలి. కొంత, పదో వంతు అనుకోండి, పేరు మారేదాకా ఆపుకుంటాను అని ముందే మాట్లాడుకోవాలి. దీనికి చాలామంది ఒప్పుకోరు. ఒప్పుకోనివాళ్లంతా చెడ్డవాళ్లు కారు, వాళ్లకీ మన మీద నమ్మకం ఉండాలి కదా. అలాంటప్పుడు నేను రవాణా ఆఫీసులో స్లాట్ బుక్ చేసిన రోజున, దరఖాస్తు వెళ్లి ఓటీపీ చెప్పాక, అక్కడికక్కడే మిగతాది ఇస్తాను అంటాను. దానికి ఎక్కువమంది సరేనన్నారు.

మనకి ఉన్న పెద్ద బలం చుట్టరికం. కోనసీమ మనిషి లేని ఊరు నేనింకా వినలేదు. నేను హిందూపురం బండి కొన్నప్పుడు అక్కడ నాకు ఎవరూ లేరనుకున్నాను. అడిగితే మా పిన్ని ఆడపడుచుగారి అల్లుడు అక్కడికి దగ్గర్లోనే ఉద్యోగంలో ఉన్నాడని తేలింది. ఆయన ఒక పూట సెలవు పెట్టి, తనకి తెలిసిన మేస్త్రిని వెంటబెట్టుకెళ్లి బండి చూశాడు. మేస్త్రికి ఆరోజు కూలీ నేను ఇచ్చాను. ఆ మేస్త్రి కోన్‌సెట్ (హ్యాండిల్ మెడలోని బేరింగులు) పోయిందని, చైన్ సెట్ మార్చాలని చెప్పాడు. ఆ మేరకు ధర తగ్గింది. దూరపు బేరంలో ఖర్చుపెట్టిన డబ్బుల్లో ఇంత ఫలితం ఇచ్చింది ఇంకొకటి లేదు.

బండి చేతులు మారినప్పుడు ఒక కాగితం రాసుకోవాలి. స్టాంపు పేపరైతే మంచిది. అందులో తేదీతో పాటు సమయం కూడా ఉండాలి. ఆ రోజు పొద్దున్న పడిన చలానా ఆయనది, సాయంత్రం పడింది మనది. ప్రమాదమైతే ఆ గంటలే లెక్క. మీటరు అంకె కనిపించేలా ఇద్దరూ బండితో నిలబడి ఒక ఫొటో తీసుకుంటే ఇంకా మేలు.

ఇక తేవడం. నడుపుకొని వద్దామని కుర్రాళ్లకి ఉత్సాహంగా ఉంటుంది. ఎరగని బండి మీద, అరిగిన టైర్లతో, రాత్రిపూట 16వ నంబరు హైవే మీద వందల కిలోమీటర్లు వద్దు. రైల్లో పంపొచ్చు. మనం అదే రైల్లో వస్తే లగేజీగా, లేకపోతే పార్సిల్‌గా బుక్ చేస్తారు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, సి బుక్కు, ఇన్సూరెన్స్, గుర్తింపు కార్డు కాపీలు ఇవ్వాలి. హ్యాండిల్‌కీ లైట్లకీ గడ్డి, గోనె చుట్టించాలి. అయితే కోటిపల్లి నుంచి నరసాపురం దాకా రైలు లైను పూర్తయ్యేదాకా అమలాపురానికి రైలు లేదు. రాజమండ్రిలోనో కాకినాడలోనో నరసాపురంలోనో దించుకోవాలి. సఖినేటిపల్లి వైపు వాళ్లు నరసాపురంలో దించుకుని, పంటు (బండ్లు ఎక్కించే పెద్ద పడవ) మీద ఎక్కించుకుని గోదావరి దాటించేస్తారు. ట్రాన్స్‌పోర్ట్ లారీలో వేస్తే నేరుగా రావులపాలెం దాకా వస్తుంది. ఎక్కించే ముందూ, దించాకా ఫొటోలు తీసుకోండి. నా బండికి దారిలో కుడివైపు ఇండికేటర్ విరిగింది, ఫొటోలుండబట్టి లారీవాళ్లు కిరాయిలో తగ్గించుకున్నారు.

అమలాపురంలో పేరు మార్పు అయ్యాక రికార్డులో నా పేరు పడిన పేజీ ఫొటో తీసి హిందూపురం ఆయనకి పంపాను. ఆయన నిమిషంలో ఫోన్ చేశాడు. "మంచిపని చేశారండి. ఇది ప్రింటు తీయించి, మనం రాసుకున్న కాగితంతో కలిపి ఫైల్లో పెట్టుకుంటాను" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. రెండో కిక్కుకి చోక్ వేయొద్దు, మొదటి దానికే వేయాలి అని. అది ఆ బండి అలవాటట.